ఐపీస్ మీద తెల్ల టేపు

మొన్న ఉగాదికి లీడ్స్‌లో ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని మనవాళ్ళు పండగ చేశారు. పేపర్ ప్లేటు పట్టుకుని ఓ మూల నిలబడి ఉంటే శ్రావణి అనే అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వరంగల్ పిల్ల. కోవెంట్రీలో ఫిల్మ్ మాస్టర్స్ చేస్తోంది.

"అంకుల్, మీరు ఈడ టీవీ డ్రామాలకు కెమెరా పని చేసిన్రంట గద. నేను గూడ సినిమాటోగ్రాఫర్ అయితా అంకుల్. ఏ కెమెరా మీద నేర్చుకోవాలె?"

"కెమెరా సంగతి తర్వాతమ్మా. ముందు వానకు తడవని బూట్లు కొనుక్కో" అన్నాను.

నవ్వింది. నేను తమాషాకు అనలేదు. యార్క్‌షైర్ కొండల మీద ఫిబ్రవరిలో పన్నెండు గంటలు నిలబడితే కళ సంగతి దేవుడెరుగు, ముందు కాళ్ళు చస్తాయి. "గది కాదంకుల్, ఇంకేమన్న పనికొచ్చేది చెప్పుండ్రి" అంది. పనికొచ్చేది ఒకటే ఉంది నా దగ్గర. అది పండగపూట ప్లేటు పట్టుకుని చెప్పేది కాదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. ఇందులో నా గొప్పలేమీ ఉండవు. ఉన్నదంతా ఒక జర్మన్ మనిషి, ఆయన కన్ను, నేను చేసిన ఒక వెధవ పని.

ముందు నా పనేమిటో

నేను సినిమాటోగ్రాఫర్‌ని కాను. ఆ మాట చెప్పుకుని తిరిగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. నేను ఫోకస్ పుల్లర్‌ని. నటి కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిస్తే, ఆ నడకంతా ఆమె కళ్ళు తెర మీద స్పష్టంగా ఉండేలా లెన్సు మీద రింగు తిప్పేవాణ్ణి. మద్రాసులో, హైదరాబాదులో ఇరవై ఏళ్ళు అదే తిప్పాను. నా భార్య విమలకు లీడ్స్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకాల వచ్చి ఇక్కడా అదే తిప్పాను.

సరిగ్గా చేస్తే నువ్వు ఉన్నావని ఎవరికీ తెలియదు. ఒక్క వేలెడు తప్పితే సెట్టు మీద ఉన్న అరవై తలలూ నీవైపు తిరుగుతాయి. మెచ్చుకోలు లేని పని, తిట్లు మాత్రం ఖాయం. ఇరవయ్యేళ్ళ వయసులో ఈ పనిలోకి వచ్చే ప్రతివాడూ ఇంకో నాలుగేళ్ళలో కెమెరా వెనక కూర్చుంటాననుకుంటాడు. నేనూ అనుకున్నాను. యాభై దాటాక అనుకోవడం మానేశాను. మానేశాననే అనుకున్నాను.

హోల్గర్

ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు సెట్టు మీద పని దొరకలేదు. కెమెరాలు అద్దెకిచ్చే ఒక గోడౌన్లో లెన్సులు తుడిచి, పరీక్షించి పెట్టెల్లో సర్దేవాణ్ణి. 2008లో అక్కడికి లెన్సులు చూసుకోవడానికి హోల్గర్ వచ్చాడు. పొడుగ్గా, ఎముకల గూడులా, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. జర్మనీలో బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. పదహారో ఏట ఫిల్మ్ లాబొరేటరీలో నెగటివ్‌లు కడిగే పనిలో చేరాడు. అక్కడి నుంచి వార్తల కెమెరా, తర్వాత మూడు సినిమాలు. ఆ మూడింటికీ పేరొచ్చింది, డబ్బు రాలేదు. ఇంగ్లీషు అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చాడు. పెళ్ళి నిలవలేదు, ఆయన నిలిచిపోయాడు. ఇక్కడ ఆయనకు దొరికింది టీవీ. ఆస్పత్రి డ్రామాలు, పోలీసు డ్రామాలు. పెద్ద తెర మనిషి చిన్న తెరకు పనిచేస్తున్నాననే కోపం ఆయన మొహంలో ఎప్పుడూ ఉండేది.

ఆ రోజు ఒక లెన్సు పెట్టి చూస్తున్నాడు. నేను పక్కన తుడుచుకుంటూ, "దాని ఎడమ అంచు మెత్తగా, మసగ్గా ఉంటుంది" అన్నాను. నావైపు చూసి, చార్టు పెట్టి గంటసేపు పరీక్షించాడు. నేనన్నది నిజమే.

"నీ పేరేమిటి?"

"చక్రపాణి సార్."

"చక్. సోమవారం నుంచి నాతో రా. ఇంకోసారి సార్ అంటే పంపించేస్తాను."

పదకొండేళ్ళ కథ అలా మొదలైంది.

ఆయన పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒకటి, కెమెరా తనే నడిపేవాడు. ఈ కాలపు సినిమాటోగ్రాఫర్లు గుడారంలో కూర్చుని మానిటర్ చూస్తూ కాఫీ తాగుతారు. హోల్గర్ కుడి కన్ను ఐపీస్‌కు ఆనించి, అంటే కెమెరాకు ఉన్న ఆ చిన్న రబ్బరు గొట్టానికి ఆనించి, ఎడమ కన్ను మూసుకుని, ఊపిరి బిగబట్టేవాడు. రెండోది, కొలత. నటి కంటికీ కెమెరాకూ మధ్య దూరం ప్రతిసారీ టేపుతో కొలవాలి. పదిసార్లు తీసిన షాటే అయినా పదకొండోసారి మళ్ళీ కొలవాలి. "నీకు తెలుసు అనుకున్న రోజున తప్పు చేస్తావు" అనేవాడు.

ఐపీస్ గురించి ఒక సంగతి చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. దానికొక చిన్న రింగు ఉంటుంది. కళ్ళజోడు నంబరు లాంటిది. చూసేవాడి చూపును బట్టి దాన్ని తిప్పి పెట్టుకుంటాడు. అది కదిలిపోకుండా, కదిలినా మళ్ళీ అక్కడికే తెచ్చేలా, అసిస్టెంట్లం దాని మీద చిన్న తెల్ల టేపు ముక్క అతికించి గీత గీస్తాం. ఆ గీతే ఆ మనిషి చూపు. హోల్గర్ గీత 2008లో ఎక్కడ గీశానో ఎనిమిదేళ్ళు అక్కడే ఉంది.

మధ్యాహ్నం కేటరింగ్ వాళ్ళ తిండి ముట్టేవాడు కాదు. ఉడకబెట్టిన గుడ్డు, నల్ల రొట్టె తెచ్చుకునేవాడు. ఒకసారి విమల చేసిచ్చిన పులిహోర పెట్టాను. ఫోర్కుతో ఒక్కో కరివేపాకూ ఏరి, డబ్బా అంచున వరసగా, సైనికుల్లా నిలబెట్టి, మిగతాది మెతుకు వదలకుండా తిన్నాడు. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఆయనకూ ఒక డబ్బా వెళ్ళేది. అప్పుడప్పుడు ఆదివారం ఇంటికి వచ్చేవాడు. విమలతో మాట్లాడినంత నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

చెవి మీద ఫోకస్

2009లో ఒక ఆస్పత్రి డ్రామా. ఎనభై దాటిన నటి ఒకావిడ, కొడుకు చనిపోయాడని విని ఏడవాలి. ఆవిడ ముందే చెప్పింది, "నాకు ఇది ఒక్కసారే వస్తుంది నాయనా, రెండోసారి అడగకండి" అని. సెట్టంతా నిశ్శబ్దం. ఆవిడ ఏడ్చింది. లైటు అబ్బాయిలు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఫోకస్ ఆవిడ చెవి మీద పెట్టాను. కన్ను మసక. కారణం చెబితే సిగ్గుచేటు. ముందు షాటులో కొలిచిన దూరమే కదా అని ఆ షాటుకు టేపు తియ్యలేదు. ఆవిడ కుర్చీ నాలుగు వేళ్ళు ముందుకు జరిగింది.

డైరెక్టరు ప్లేబ్యాక్ చూసి గుడారంలోంచి ఊగిపోతూ వచ్చాడు. "ఎవడు? ఎవడిది ఫోకస్?" ఈ దేశంలో నాకది మొదటి పెద్ద ఉద్యోగం. ఆ మాటతో రైలెక్కించేసేవాళ్ళే.

హోల్గర్ కెమెరా దగ్గర్నుంచి లేచాడు. "నేను ముందుకు జరిపాను కెమెరా. చక్‌కి చెప్పలేదు. తప్పు నాది" అన్నాడు, అరవై మంది వినేట్టు.

అబద్ధం. కెమెరా వెంట్రుకంత కూడా జరగలేదు. డైరెక్టరు ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాడు. హోల్గర్ తల వంచుకుని విన్నాడు. ఆ డ్రామా రెండో సీజనుకు ఆయన్ని పిలవలేదు. ఈ మాట వల్లనే పిలవలేదని నాకు తెలుసు.

వ్యాన్‌లో నేను ఏదో అనబోయాను. "నోరు మూసుకో. రేపటి నుంచి టేపు మెడలో వేసుకుని తిరుగు" అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను మాత్రం ఆ రుణం నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఎప్పుడో ఒకప్పుడు ఈయన తప్పు నేను నెత్తినేసుకుంటాను అనుకునేవాణ్ణి. ఆ అవకాశం వచ్చింది. నేనేం చేశానో చూడు.

వంకర తలుపు

2016. యార్క్‌షైర్ పల్లెలో ఒక పాత మిల్లు. నూరేళ్ళ కిందటి కాలపు కథ, ఆరు ఎపిసోడ్లు. హోల్గర్‌కు చాలా ఏళ్ళ తర్వాత దొరికిన మంచి పని. నిర్మాత ఫియోనా మంచిదే. మంచిదే కానీ షెడ్యూలు అంటే ప్రాణం, మనుషులు ఆ తర్వాత.

ఒక గురువారం హోల్గర్ ఐపీస్‌లోంచి తల తీసి, "ఆ తలుపు వంకరగా ఉంది" అన్నాడు. వడ్రంగి వచ్చి లెవెల్ పెట్టి చూపించాడు. తలుపు నిట్టనిలువుగా ఉంది. హోల్గర్ మళ్ళీ చూశాడు. "మధ్యలో వంగింది. బొజ్జ వచ్చినట్టు." వడ్రంగి పళ్ళు నూరుకుంటూ తలుపు ఊడదీసి మళ్ళీ బిగించాడు. అందరూ లోపల్లోపల నవ్వుకున్నారు. నేనూ నవ్వుకున్నాను, ముసలాడికి చాదస్తం ముదిరిందని.

ఆ సాయంత్రం పెట్టెలు సర్దుతూ ఐపీస్ చూశాను. టేపు మీద గీత, కింద గుర్తు, రెండూ కలవడం లేదు. ఎనిమిదేళ్ళుగా కదలని రింగు బియ్యపు గింజంత జరిగి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ ఈ తలుపు కథ నవ్వుతూ విమలకు చెప్పాను. విమల అప్పటికి ఆరేళ్ళుగా కంటి క్లినిక్కులోనే పనిచేస్తోంది. పప్పు గరిట గాల్లోనే ఆగిపోయింది.

"వంకరగా కనిపించిందన్నాడా? ఏ కంటితో?"

"కుడి కన్నే. ఆయన ఇంకో కంటితో ఎప్పుడు చూశాడు గనక!"

"నవ్వుతారేందండీ మీరు! గీతలు వంకరగా కనపడటమంటే కన్ను లోపల నీరు కారుతున్నట్టు. మధ్య చూపు పోద్ది. మనిషి మొహం చూస్తే మొహం ఉండే చోట మచ్చ ఉంటది. మా దగ్గర ఇంజెక్షన్ ఉంది, వేస్తే ఆగుద్ది. కానీ వెంటనే పడాల. రేపే తీసుకురండి."

"షూటింగ్ ఉంది కదే."

"షూటింగేంది షూటింగు! రెండు వారాలు దాటితే మేం చేసేదేం ఉండదు. రేపు పొద్దున్నే ఆయనకి చెప్పండి. ఇదే మాట, ఇట్టాగే చెప్పండి."

సరేనన్నాను.

ఆరు వారాలు

సోమవారం పొద్దున కెమెరా బిగిస్తూ హోల్గర్‌తో అన్నాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "విమల మీ కళ్ళు ఒకసారి చూపించుకుంటే మంచిదంటోంది."

ఒకసారి. మంచిది. ఆ రెండు మాటలు విమల అనలేదు. వెంటనే అన్న మాట, ఇంజెక్షన్ అన్న మాట, చూపు పోతుందన్న మాట, ఆ మూడూ నేను మింగేశాను.

హోల్గర్ ఐపీస్ రబ్బరును చొక్కా అంచుతో తుడిచాడు. "నాకు తెలుసు ఏదో తేడాగా ఉందని. కళ్ళజోడు నంబరు మారి ఉంటుంది. ఇన్సూరెన్సు వాళ్ళకు తెలిస్తే ఇవాళే నన్ను మార్చేస్తారు. ఇంకా ఆరు వారాలే కదా. అయ్యాక చూపించుకుంటాను. ఎవరికీ చెప్పకు చక్."

"చెప్పను" అన్నాను.

ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది. 2009 రుణం తీర్చుకునే రోజు వచ్చిందనుకున్నాను. ఎడమ కంటితో చూడొచ్చు కదా అని నీకు అనిపిస్తుంది. ఆయన ప్రయత్నించాడు. నలభై ఏళ్ళు కుడి కంటితో ఫ్రేము కట్టినవాడికి ఎడమ కన్ను పెట్టడం ఎడమ చేత్తో సంతకం చేసినట్టే. పైగా సెట్టు మీద అందరూ ఏమైందని అడుగుతారు.

కాబట్టి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. నేను నిలబడేది ఎలాగూ ఆయన పక్కనే, నా దగ్గర అరచేతంత మానిటర్ ఉంటుంది. ఫ్రేము పక్కకు పోతే ఆయన భుజం మీద వేలు పెట్టేవాణ్ణి. ఒకసారి తడితే ఎడమకు, రెండుసార్లు తడితే కుడికి. పొద్దున అందరికంటే ముందు వచ్చి ఐపీస్ రింగును పాత గీత దగ్గరకు తెచ్చి పెట్టేవాణ్ణి, మిగతా అసిస్టెంట్ల కంట పడకుండా. షాటు మొదలయ్యేటప్పుడు ఆయన తిప్పుకునేవాడు. గీత రోజురోజుకూ దూరమవుతోంది. నేను కొలిచే దూరాలన్నిట్లో ఆ ఒక్కటి మాత్రం పుస్తకంలో రాయలేదు.

రెండో వారం నుంచి ఆయన ఫ్రేము అడగడం మొదలుపెట్టాడు. "చక్, ఇక్కడ కెమెరా ఎంత ఎత్తులో పెడదాం?" నేను చెప్పేవాణ్ణి. "కిటికీ ఉంచుదామా, తీసేద్దామా?" ఉంచుదాం అనేవాణ్ణి. ఫియోనా గుడారంలోంచి "బ్యూటిఫుల్ హోల్గర్" అని కేకేసేది. నా ఫ్రేము అది. నా ఫ్రేము! ముప్ఫై ఏళ్ళు ఇంకొకడు చూసినదాన్ని స్పష్టం చేసి పెట్టినవాణ్ణి, నేను చూసింది స్పష్టమవుతోంది. పొద్దున్నే నాలుగింటికి అలారం మోగకముందే మెలకువ వచ్చేది. పెళ్ళికొడుకులా షేవింగ్ చేసుకుని వెళ్ళేవాణ్ణి.

ఇంట్లో విమల అడిగేది. "ఆయన్ని తీసుకురాలేదేందండీ?"

"జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. అపాయింట్‌మెంట్ ఇచ్చారట."

"ఎప్పటికి?"

"వచ్చే వారమనుకుంటా."

"వచ్చే వారమేంటి, ఎమర్జెన్సీలో రమ్మనండి! పోనీ నేను ఫోన్ చేస్తా."

"వద్దు వద్దు, ఆయన సంగతి తెలుసుగా. చిరాకు పడతాడు. నేను చూసుకుంటాను."

నమ్మింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అబద్ధమాడటం తెలియని మొగుడని నమ్మింది. షూటింగ్ రోజుల్లో ఆయన ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు కాదు. మూడు వారాలు అడిగింది, మూడు వారాలూ ఏదో ఒకటి చెప్పాను. ఇంజెక్షన్ కూడా వేశారన్నాను చివరికి. ప్రైవేటులో వేయించుకున్నాడన్నాను. సోఫాలో కూర్చుని, టీ తాగుతూ, అంత పెద్ద మాట అంత తేలిగ్గా అన్నాను.

రుణం తీర్చుకోవడం అని పేరు పెట్టుకున్నాను దానికి. ఆయన నా తప్పు మోసినప్పుడు అరవై మంది ముందు మోశాడు, ఒక సీజను పోగొట్టుకున్నాడు. నేను ఆయన కోసం చేసింది చాటున చేశాను, లాభపడ్డాను. ఈ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలియదని ఇప్పుడు రాస్తే ఇదీ ఒక అబద్ధమవుతుంది.

మొహం లేదు

ఆఖరి రోజు. ఆఖరి షాటు. కథానాయిక కెమెరా వైపు నడిచి వచ్చి ఆగాలి. రిహార్సల్‌లో హోల్గర్ కన్ను ఆనించాడు. ఆమె వచ్చి ఆగింది. ఆయన కదల్లేదు. నేను భుజం మీద వేలు పెట్టాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"చక్" అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు. "మొహం లేదు."

విమల ఆ ఆదివారం అన్న మాట.

షాటు తీశాం. అది కూడా చెప్పాలి. ముందు షాటు తీసి, అందరూ చప్పట్లు కొట్టాక, అప్పుడు కారెక్కించాను. తిన్నగా లీడ్స్ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. విమల డ్యూటీలో ఉంది. హోల్గర్‌ని చూసి ముందు నవ్వింది. తర్వాత ఆయన నడక చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

కంట్లో చుక్కలు వేసింది. ఫోటోలు తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడింది. గీతలు వంకరగా కనిపించడం ఎప్పుడు మొదలైందని అడిగింది. ఆరేడు వారాలన్నాడు.

"కంటి వెనక మచ్చ కట్టేసింది. ఇంకా పాడవకుండా ఇంజెక్షన్లు ఇస్తాం. పోయిన మధ్య చూపు మాత్రం తిరిగి రాదు" అంది.

"ఆరు వారాల కిందట వచ్చి ఉంటే?" అన్నాడు హోల్గర్.

"చాలావరకు నిలబెట్టగలిగేవాళ్ళం."

హోల్గర్ నన్ను అడగలేదు. విమల వైపు తిరిగాడు. "విమలా, నీకు ఎప్పుడు తెలుసు?"

విమల ఏడుస్తోంది. యూనిఫాంలో ఉండగా ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. "తలుపు సంగతి విన్న ఆదివారమే. రేపే తీసుకురమ్మన్నాను. మీకు అపాయింట్‌మెంట్ దొరికిందన్నాడు. ఇంజెక్షన్ కూడా అయిందన్నాడు ఈయన."

"అపాయింట్‌మెంటా?" అన్నాడు హోల్గర్. అప్పుడు నావైపు చూశాడు, తల కొంచెం పక్కకు తిప్పి, ఎడమ కంటితో.

నేను జేబులోంచి కారు తాళాలు తీశాను.

కారులో ఆయన్ని ఫ్లాట్ దాకా తీసుకెళ్ళాను. దిగేముందు అన్నాడు. "రోజూ పొద్దున్నే నువ్వు ఆ రింగు వెనక్కి తిప్పడం నేను చూశాను. ఎందుకు తిప్పుతున్నాడో అనుకున్నాను. నా పరువు కాపాడుతున్నాడనుకున్నాను."

తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆపరేటర్ చక్రపాణి

ఆ డ్రామాకు మంచి పేరొచ్చింది. రెండో సీజనుకు హోల్గర్‌ని పిలవలేదు. ఫియోనా పూలు పంపింది. కొత్త సినిమాటోగ్రాఫర్‌ని పెట్టుకుని, నాకు ఫోన్ చేసింది. "చక్, ఆ ఆఖరి వారాల్లో నువ్వెంత చేశావో నేను గమనించాను. కెమెరా నువ్వు నడుపుతావా?"

ఒప్పుకోకూడదు. చదివేవాడెవడైనా అదే అంటాడు. ఒప్పుకున్నాను.

2017 అంతా కెమెరా నడిపాను. ఐపీస్ మీద తెల్ల టేపు, దాని మీద నా గీత. నాలుగు రోజుల్లో నాకే అర్థమైపోయింది. ఎక్కడ స్పష్టంగా ఉండాలో నాకు తెలుసు, ఎందుకు ఉండాలో తెలియదు. ఆ ఆరు వారాల్లో హోల్గర్ "కిటికీ ఉంచుదామా, తీసేద్దామా" అని అడిగేవాడు కదా. ఆ ప్రశ్న అడగడమే సినిమాటోగ్రఫీ అని, నేను చెప్పిన జవాబు ఎవరైనా చెప్పగలరని అప్పుడు తెలిసింది. ప్రశ్నలు అడిగేవాడు లేక నా ఫ్రేములు పాస్‌పోర్టు ఫోటోల్లా వచ్చాయి. సీజన్ అయ్యాక ఫియోనా ఈసారి పూలు పంపలేదు, ఈమెయిల్ పంపింది. తిరిగి ఫోకస్ పుల్లర్‌గా ఇంకో సంవత్సరం చేసి, ఈ ఏడాది మానేశాను. దేనికోసం ఆయన కన్ను పోగొట్టానో అది నాకు చేతకాని పని. ఇంతకంటే చేదు విషయం నా దగ్గర లేదు శ్రావణీ.

విమల నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, కానీ ఏదైనా చెబితే "నిజమేనా?" అని అడగడం అలవాటు చేసుకుంది. పాలు తెచ్చానన్నా అడుగుతుంది.

హోల్గర్ కొన్నాళ్ళకు మా ఇంటికి మళ్ళీ వచ్చాడు. విమల ఆయనకు గళ్ళ కాగితం ఒకటి ఇచ్చి ఫ్రిజ్ మీద అతికించుకోమంది. రోజూ పొద్దున్నే ఎడమ కంటితో ఆ గళ్ళు చూడాలి, గీత ఒక్కటి వంగినా వెంటనే రావాలి. రెండో కంటికి కూడా వచ్చే జబ్బు అది. అదీ పోతే ఆయన చదవలేడు, వీధి దాటలేడు. నాతో ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు. వాన గురించి, రైళ్ళ గురించి మాట్లాడేవాడు. కోప్పడితే బాగుండేది. రెండు తిట్టినా బాగుండేది.

డబ్బా

ఉగాదికి మూడు వారాల ముందు సంగతి. విమల సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు కుర్చీలో పెట్టి స్నానానికి వెళ్ళింది. రిటైరయ్యాక గిన్నెలు నా వంతు. బ్యాగులోంచి టిఫిన్ డబ్బాలు తీశాను. రెండున్నాయి. రెండోది తెరిస్తే ఖాళీగా ఉంది. అంచు మీద కరివేపాకులు వరసగా నిలబడి ఉన్నాయి.

సింకు దగ్గర అలాగే నిలబడిపోయాను. విమల తల తుడుచుకుంటూ వచ్చింది.

"హోల్గర్‌కేమైంది?"

డబ్బా చూసింది. దాచడానికి ప్రయత్నించలేదు.

"సోమవారం పొద్దున గళ్ళ కాగితంలో గీత వంగిందంట. ఏడింటికి నాకు ఫోన్ చేశాడు. నేను ట్యాక్సీలో తీసుకెళ్ళా. మధ్యాహ్నానికల్లా ఇంజెక్షన్ పడింది. ఇయ్యాల మళ్ళీ చూశారు. నీరు తగ్గింది. కన్ను నిలబడ్డట్టే అంటన్నారు."

"సోమవారమా? ఇవాళ గురువారం. నేను ఇంట్లోనే ఉన్నాను కదే. కారు ఉంది. ట్యాక్సీ ఎందుకు? నాకు చెబితే పది నిమిషాల్లో తీసుకెళ్ళేవాణ్ణి కదా!"

విమల తువాలు మడిచి కుర్చీ మీద వేసింది.

"చెప్పొద్దన్నాడండీ. ఇంజెక్షన్ పడిందాకా చక్‌కి తెలియనివ్వొద్దన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నా."

వంటింటి లైటు వేసి వెళ్ళింది. నేను ఆకులు తీసేసి డబ్బా కడిగాను. ఎనిమిదేళ్ళు ఆ మనిషి చూపుకు గీత గీసి పెట్టింది నేను. ఉన్న ఒక్క కన్ను కాపాడుకోవాలనుకున్న రోజున, ఆయన ముందుగా చేసిన పని నాకు తెలియకుండా చూసుకోవడం. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.